ఆకు ఎండేదాకా

శివరాత్రికి ముందటి మంగళవారం, పగలు పన్నెండున్నర. నా దగ్గర గడియారం లేదు. ఉద్యమ నాయకుడొకడు మైకులో చెప్పాడు. "పన్నెండున్నర అయింది. ఇగ రోడ్డు ఇడిసిపెడుదాం, అందరు లేవుండ్రి" అన్నాడు. కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద పొద్దుటి నుంచి కూర్చున్న మేమంతా లేచాం. నా మనవరాలు లేవలేదు.

ఈ సంగతిని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. రాష్ట్రం వచ్చాక జరిగిన ఒక సభలో, ఆ పిల్ల తెలంగాణ కోసం పోలీసులకు కూడా భయపడకుండా రోడ్డు వదలలేదని ఒకాయన చెప్తే జనం చప్పట్లు కొట్టారు. నేను వెనక కుర్చీలోనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. మా వాడలో ఇంకో రకంగా చెప్పుకుంటారు, పిచ్చి లేచి కత్తెరతో తండ్రిని పొడిచిందని. రెండూ అబద్ధాలే. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చాక, సాయంత్రాలు సంఘం గదిలో కూర్చుని నేర్చుకున్నాను. అవి ఉన్నది ఇలాంటి పనికే అనుకుంటాను.

పిల్ల నా కొడుకు బిడ్డ. అప్పటికి పదిహేనేండ్లు. దానికున్నది ఆటిజం అని చాలా రోజుల తర్వాత కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ చెప్పింది. ఆనాడు మా ఇండ్లలో ఆ మాట లేదు. మొండి అన్నారు, మూగ అన్నారు, గాలి సోకింది అన్నారు. మూగ మాత్రం కాదు. ఆకు, బువ్వ, నీళ్ళు, సాంచ. ఈ మాటలు వచ్చు. అవి కూడా తనకు అనాలనిపిస్తేనే.

సాంచ అంటే సిరిసిల్లలో బట్ట నేసే మరమగ్గం. నా కొడుకు అక్కడ సాంచాలు నడిపేవాడు. వాళ్ళ కిరాయి ఇల్లు సాంచాల షెడ్డు గోడకు ఆనుకునే ఉండేది. నేను అక్కడ ఒక పూట ఉంటే చెవుల్లో ఇంకో పూట దాకా మోత పోయేది కాదు. పిల్లకు ఆ చప్పుడు ఉంటేనే నిద్ర పట్టేది. కరెంటు పోయి వాడంతా సాంచాలు ఒక్కసారే ఆగితే మాత్రం గోడకు తల కొట్టుకుని అరిచేది. ఆ ఏండ్లలో కరెంటు ఎట్లా పోయేదో ఇప్పుడు చెప్తే పిల్లలు నమ్మరు. ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారు. తర్వాతి ఇంటివాళ్ళూ అదే మాట అన్నారు. కొడుకూ కోడలూ ఇంకేం చేస్తారు, పిల్లను తెచ్చి కోరుట్లలో నా దగ్గర వదిలారు.

నా దగ్గర సాంచాల్లేవు. తునికాకు ఉంది.

బీడీ పని తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సాయంత్రం ఆకు కట్టలు నీళ్ళలో ముంచి, నీళ్ళు వంపేసి, తడి గోనెసంచిలో చుట్టి పెడతాం. పొద్దుటికి ఆకు మెత్తబడుతుంది. రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తిరిస్తాం. తడి ఉన్నంతసేపే ఆకు కత్తెరకు లొంగుతుంది. ఎండితే పెళుసై విరుగుతుంది. అప్పుడిక పని ఆపి, సంచి చుట్టేసి, మళ్ళీ తడపాల్సిందే. పిల్ల ఇదంతా నేను చెప్పకుండానే చూసి నేర్చుకుంది. ఆకులన్నిటి ఈనెలు ఒకే దిక్కుకు ఉండేట్టు పేర్చుకుని, ఒక్కొక్కటే తీసి కత్తిరించేది. నేను పెట్టిన నియమం ఒకటే. సంచిలో ఆకు ఉన్నంతసేపు లేవద్దు. పని నేర్పేటప్పుడు మేమందరం పిల్లలకు చెప్పే మాటే అది. మిగతా పిల్లలు ఆ మాట విని నవ్వి ఆటకు పోతారు. నా మనవరాలు పోలేదు. బువ్వకు పిలిచినా లేవదు, చినుకులు పడ్డా లేవదు. కత్తిరిస్తున్నంతసేపు దాని ముఖంలో ఏ బెంగా కనపడేది కాదు. ఆ ఇంట్లో నాకు నెమ్మది దొరికింది ఆ పూటల్లోనే.

పెద్దమనిషి అయిన ఏడాది సంగతి కూడా రాయాలి, లేకపోతే నా భయం అర్థం కాదు. మూలకు కూర్చోబెట్టడం, చుట్టాలు వచ్చి పసుపు రాయడం, అక్షింతలు చల్లడం, ఒక్కటీ పడనివ్వలేదు. మీద పడ్డ చేతినల్లా కొరికింది. చుట్టాల్లో ఒకామె, "గాలే గిది, నేను సూడంగనే చెప్పిన. గుట్ట మీద మండలం ఉంచుండ్రి" అంది. మా దిక్కున మనిషి తీరు మారితే గుట్ట మీద దేవుని దగ్గర మండలం రోజులు ఉంచడం వాడుక. కొడుకు పని మానుకుని తీసుకుపోయాడు. పిల్ల పారిపోకుండా దాని మణికట్టును తన మణికట్టుకు తువ్వాలతో కట్టుకున్నాడు. దేవుణ్ణి నేనేమీ అనను. తువ్వాల కట్టింది మేమే. తిరిగి వచ్చాక మణికట్టు చుట్టూ తోలు లేచిపోయి ఉంది. ఉన్న ఆ కాసిని మాటలూ పోయాయి. వానాకాలమంతా నోరు విప్పలేదు. చలి పడ్డాక ఒక పొద్దున సంచి ముందు కూర్చుని "ఆకు" అన్నప్పుడు నేను వాడంతా తిరిగి చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఒక బరాత్ మా వాకిలి ముందు నుంచి పోతుంటే బ్యాండు మేళం మీద రాయి విసిరింది. పెళ్ళివాళ్ళు ఇంటి మీదికి వచ్చారు. ఆ సంగతి సిరిసిల్ల దాకా పోయింది. కొడుకు ఫోన్ చేశాడు.

"అవ్వా, ఇంకొక్కసారి బజార్ల లొల్లయిందని నా చెవుల పడ్డదనుకో, తీస్కపోయి గుట్ట మీద ఇడిసి అస్త. ఈసారి తోల్కరాను."

"తోల్కరాకపోతే నేనే పోయి తెచ్చుకుంట."

"నువ్వెన్ని దినాలుంటవే? నువ్వు పోయినంక ఎవలు సూడాలె? చెప్పు!"

వాడు చెడ్డవాడు కాదు. నిలబడి నిలబడి కాళ్ళు వాచి, కండ్లు మూతలు పడుతూ బతికే మనిషి. కానీ వాడు ఒక మాట అన్నాడంటే చేస్తాడు. అందుకే ఆ మంగళవారం నాకున్న భయం ఒక్కటే. బజార్లో లొల్లి కావద్దు.

అవి ఉద్యమం రోజులు. ఎవరి పని వాళ్ళు రోడ్డు మీద చేసి చూపే రోజులు. మంగలివాళ్ళు రోడ్డు మీద క్షౌరం చేశారు, కుమ్మరివాళ్ళు సారె తిప్పారు, మరో రోజు రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకుని తిన్నారు. బీడీ ఆడవాళ్ళ వంతు వచ్చింది. మైకు నాయకుడు ముందు రోజు మా వాడకు వచ్చాడు. పట్టుమని ముప్పై ఏండ్లుండవు, గొంతు మాత్రం అరిచి అరిచి ముసలిది అయింది.

"పెద్దమ్మా, ఇంటికొకలు గాదు, ఇంటిల్లిపాది రావాలె."

"డప్పులుంటయా?" అని అడిగాను.

"ఉండయ్. కూసొని బీడీలు చేసుడే."

"మైకు?"

"మైకు లేకుంటె ఉద్యమమెట్లైతది పెద్దమ్మా!"

పిల్లను ఇంట్లో ఉంచి తాళం వేస్తే తలుపును తలతో కొడుతుంది. తోలుకుని పోవడమే మేలనిపించింది. తడి సంచి, కత్తెర, రేకు, చేట సర్దుకుని పోయాం. రోడ్డు నడుమ తెల్లగీత పిల్లకు నచ్చింది. గీత మీద కూర్చుని, గీతకు సరిగ్గా సంచి పెట్టుకుని, కత్తిరించడం మొదలుపెట్టింది. పొద్దుటి పూటంతా బాగానే గడిచింది. మైకు మోగినప్పుడు తల వంచుకునేది, అంతే. పక్కింటి వదినె, నాతో పాటు చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి, "సూడు వదినె, మనకన్న గామెనే మంచిగ కూసున్నది" అంది. నేను కూడా అదే అనుకున్నాను.

పన్నెండున్నరకు అందరూ లేచేసరికి సంచిలో ఇంకా సగం ఆకు ఉంది.

"బిడ్డా, ఇంటికి పోయి కోద్దాం, లే" అన్నాను. వినలేదు. సంచి నేను పట్టుకుంటే పెద్దగా మూలిగింది. వదిలేశాను. ఇంతలో అటూ ఇటూ ఆగి ఉన్న లారీలు ఇంజన్లు స్టార్టు చేశాయి. హారన్లు మోగాయి. పిల్ల రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. కత్తెర వేళ్ళలోనే ఉంది, మొన బయటికి పొడుచుకుని.

నాయకుడు చూశాడు. మళ్ళీ మైకు అందుకున్నాడు.

"సూడుండ్రి! గీ ఆడబిడ్డను సూడుండ్రి! రాష్ట్రం అచ్చేదాక లెవ్వనంటున్నది!"

పోతున్న జనం తిరిగి వచ్చారు. జై తెలంగాణ అని అరుపులు. ఎవడో పిలగాడు, "ఢిల్లీ వాళ్ళు వచ్చి బతిలాడితెనే లేస్తదట!" అన్నాడు. నవ్వులు. పిల్ల ఊగడం ఎక్కువైంది.

నేను పోయి మైకు తీగ పట్టుకున్నాను. "ఓ నాయినా, జర బందు జెయ్యి. గామె ఏమనలే. గామెకు నీ రాష్ట్రం తెల్వది. సంచిల ఆకున్నది, గందుకు కూసున్నది."

"గట్లంటవేందే పెద్దమ్మా, అందరు ఇంటున్నరు."

"ఇననియ్యి!"

అతను చిన్నబోయి మైకు ఆపాడు. మంచివాడే. ఎస్సై వచ్చాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళతో. పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డాడు, ముఖం కందిపోయి ఉంది.

"ఎవలీ పిల్ల? కత్తెర కింద పెట్టుమను."

"పెట్టది సారూ. ముట్టుకుంటె బెదురుతది. జర ఆగు."

"ఎంతసేపు ఆగాలె? గా లైను ఎక్కడిదాక ఉన్నదో సూడు."

ముత్యంపేట ఫ్యాక్టరీకి చెరుకు తీసుకుపోతున్న ట్రాక్టరతను దిగి వచ్చాడు. "అవ్వా, నా చెరుకు గీడనే బెల్లమైతది. జర లేపరాదు!" అన్నాడు. ఎస్సై కూడా నవ్వాడు. ఆ నవ్వు వల్ల నాకు కొంచెం సమయం దొరికింది.

ఎండ పడుతుందని పక్కింటి వదినె పిల్ల మీదికి కొంగు పట్టింది. అది చూసి మా వాడ ఆడవాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చి, అందరూ చుట్టూ నిలబడి కొంగులు చాపి నీడ చేశారు. నీడ పడ్డాక పిల్ల ఊగడం తగ్గింది. చెవుల మీది నుంచి చేతులు తీసి మళ్ళీ ఆకు అందుకుంది. కత్తిరిస్తే అయిపోతుంది కదా అని ఊరుకున్నాను. కానీ ఆ మోతలో ఒక ఆకు కోయడం, చెవులు మూసుకోవడం, మళ్ళీ ఒక ఆకు. పొద్దు గూకినా అయ్యేట్టు లేదు.

అప్పుడు నా కొడుకు వచ్చాడు.

ఆ రోజు సిరిసిల్లలో సాంచాలు బందు పెట్టారట. బిడ్డను చూసిపోదామని బయలుదేరాడు. ఎక్కిన ఆటో లైనులో ఆగిపోయింది. దిగి నడుస్తుంటే దారి పొడుగునా జనం చెప్పుకుంటున్నారట, ఎవరో పిచ్చిపిల్ల కత్తెర పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నదని. వాడికి ఎవరో అర్థమైంది. వచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది. అరటిపండ్ల సంచి ఒకటి చేతిలో ఉంది, అది కూడా నలిగిపోయింది.

"నేనేమన్న అవ్వా? ఫోన్ల నేనేమన్న?"

"ముట్టుకోకు. నీ కాళ్ళు మొక్కుత, ముట్టుకోకు."

వాడు ఆడవాళ్ళను తోసుకుని లోపలికి పోయి పిల్ల రెక్క పట్టి లేపాడు. పిల్ల అరిచింది. ఆ అరుపుకు ట్రాక్టరతను రెండడుగులు వెనక్కి వేశాడు. విదిలించుకునేటప్పుడు కత్తెర మొన వాడి ముంజేతిని గీసింది. నెత్తురు వచ్చింది. పొడవలేదు. గీసుకుంది. నేను అంత దగ్గరగా ఉన్నాను. పిల్ల కింద పడి నుదురు తారు రోడ్డుకు కొట్టుకోసాగింది. నేను నా అరచెయ్యి దాని నుదుటికి, రోడ్డుకు నడుమ పెట్టాను. ఆ దెబ్బలు నా చేతి మీద పడ్డాయి. కాసేపటికి మళ్ళీ లేచి కూర్చుంది, సంచిని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని.

ఎస్సై, "ఇగ గిది అయ్యేది కాదు. ఆడ కానిస్టేబుల్‌ను పిలిపిస్త. ఎత్తుకపోవుడే" అన్నాడు.

కొడుకు గీరుకున్న తన చేతిని పట్టుకుని నిలబడ్డాడు. "ఎత్తుకపోండ్రి సార్. రేపు నేనచ్చి గుట్టకు తీస్కపోత. గీడికి అయిపోయింది." నా వైపు చూడకుండా అన్నాడు.

నేను కింద సంచి పక్కనే కూర్చుని ఉన్నాను. నా చెయ్యి తారు మీద ఉంది. కాలుతోంది. అప్పుడు తోచింది నాకు. ఆకు అయిపోవడం ఒక్కటే దారి కాదు. ఆకు ఎండినా పిల్ల పని ఆపుతుంది. ఎండిన ఆకును తను ఏనాడూ కోయలేదు.

"వదినె, కొంగులు తీయుండ్రి" అన్నాను.

"ఎండ కొడ్తది వదినె, పిల్లకు."

"కొట్టనియ్యి. పక్కకు జరుగుండ్రి. ఆకు మీద ఎండ పడాలె."

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. బీడీ మనిషి కదా, అర్థమైంది. "ఆకు ఖరాబైతది" అంది మెల్లగా. "కానియ్యి" అన్నాను. ఆడవాళ్ళంతా జరిగారు. నేను ఆకును ముట్టుకోలేదు, పేర్పు చెడితే పిల్ల ఊరుకోదు. పైనున్న తడి గోనె అంచులు మాత్రం వెనక్కి మడిచాను. తన పని తను చేసుకోనిచ్చాను.

ఎస్సైని అడిగాను. "సారూ, ఆకు ఎండెటందుకు ఎంతసేపు పడ్తదో గంతసేపు ఆగు. గా బండ్లు బందు పెట్టియ్యి. తనంతల తనే లేస్తది. లెవ్వకుంటె నన్ను గూడ ఎత్తుకపో."

ఆయన ఏమనుకున్నాడో. నా చెయ్యి తోలు లేచి ఉంది, అది చూశాడు. కానిస్టేబుళ్ళను పంపించాడు. ఒక్కొక్క బండీ ఆగింది. చివరి లారీ కూడా ఆగాక రోడ్డంతా నిశ్శబ్దమైంది.

అక్కడ నేను తప్పు లెక్క వేశాను. నిశ్శబ్దం ఎంత చెడ్డదో మరిచాను. పిల్ల తలెత్తి చూసింది. గొంతులోంచి సన్నగా ఒక కూత మొదలైంది. సిరిసిల్లలో కరెంటు పోయినప్పుడు వచ్చే కూత. అది పెరిగితే ఇక ఏమీ చేయలేం. కత్తెర పైకి లేచింది.

నా కొడుకు ఆ కూత గుర్తుపట్టాడు. నాకంటే ముందే గుర్తుపట్టాడు. తువ్వాల చేతికి చుట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు. నా చేటలో ఉన్న రేకు ముక్క తీసుకుని, పిల్లకు దూరంగా గొంతు కూర్చుని, తారు మీద కొట్టడం మొదలుపెట్టాడు. టకాటకా, టకాటకా. సాంచ కొట్టుకునే తీరు. నాకు ఆ తీరు రాదు. ఇరవై ఏండ్లు సాంచ ముందు నిలబడ్డ మనిషి చేతికే వస్తుంది. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. చుట్టిన తువ్వాలలోంచి నెత్తురు పైకి వచ్చింది. వాడు ఆపలేదు.

పిల్ల కూత ఆగింది. కండ్లు రేకు మీద పెట్టింది. తండ్రి ముఖం చూడలేదు, తను ఎవరి ముఖమూ చూడదు. కాసేపటికి ఆకు ఒకటి తీసింది. కోసింది. ఇంకొకటి. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కరూ దగ్గలేదు. ట్రాక్టరతను నోటి దగ్గర పెట్టుకున్న బీడీ వెలిగించకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత ఒక ఆకు కత్తెర కింద పెళ్ళుమని విరిగింది.

పిల్ల ఆ ముక్కలు చూసుకుంది. ఇంకో ఆకు తీసి వేళ్ళతో వంచింది. అదీ విరిగింది. కత్తెర కింద పెట్టింది. గోనె అంచులు రెండు వైపులా మూసింది, రోజూ ఇంట్లో మూసినట్టే. సంచి చంకన పెట్టుకుని లేచింది. "నీళ్ళు" అంది. అది తాగడానికి కాదు, ఆకు తడపడానికి. తెల్లగీత మీద నుంచే ఇంటి దిక్కు నడిచింది. జనం దారి ఇచ్చారు. నాయకుడు చెయ్యి పైకెత్తబోయి, నన్ను చూసి దింపుకున్నాడు.

కొడుకు వెనక నడిచాడు, రేకు కొడుతూనే. వాకిలి దాకా కొట్టాడు.

ఆ ఆకు తడిపినా పనికి రాలేదు. సాయంత్రం వాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను వాడి చేతికి పసుపు పెడుతుంటే అడిగాడు. "గామెకు సాంచ సప్పుడు ఇంకా యాదికున్నదా అవ్వా?"

"నన్నెందుకడుగుతవు? గామెనడుగు."

అడగలేదు. గుట్ట మాట కూడా ఎత్తలేదు. పొద్దున్నే సిరిసిల్ల పోయాడు. మరుసటి ఏడాది మళ్ళీ ఎత్తాడు, ఇంకోసారి కూడా ఎత్తాడు. నేను ప్రతిసారీ కాదన్నాను. "నువ్వు పోయినంక ఎవలు?" అని వాడు అప్పుడు అడిగిన దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. సంచి ముందు కూర్చున్న పిల్లను చూసినప్పుడల్లా అదే అడుగుతున్నట్టుంటుంది. ఇప్పుడు తనకు ముప్పై దగ్గర పడుతోంది. బీడీల పని సగమైంది. ఆకు రాని రోజు పొద్దు గడవదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను కూడా రాసి పెడుతున్నాను. ఎవరైనా ఇంకో రకంగా చెప్తే వీళ్ళను అడగండి. మైకు నాయకుడు. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు. ముత్యంపేట పోయే చెరుకు ట్రాక్టరతను. ఢిల్లీ వాళ్ళ మాట అని నవ్వించిన పిలగాడు, వాడు ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. కొంగులు పట్టి, చెప్పగానే తీసిన మా వాడ ఆడవాళ్ళు నలుగురు. వాళ్ళలో పక్కింటి వదినె ఇప్పుడు లేదు. కోడలు అక్కడ లేదు, పిల్ల తమ్ముడితో సిరిసిల్లలో ఉంది. సభలో చప్పట్లు కొట్టించినాయన ఆ రోజు అక్కడ లేడు. చేతికి తువ్వాల చుట్టుకుని నా కొడుకు. నేను. రోడ్డు నడుమ గీత మీద నా మనవరాలు.